మందు ఎవరి ఒంటిమీద పరీక్షించారు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అమ్మాయిల ప్రాజెక్టు మీద ఒక మాట

 

ఈ ఎపిసోడ్ విషయం నేను ఎంచుకున్నది కాదు, ముగ్గురు అమ్మాయిలు ఇచ్చింది. ఒకరిది గద్వాల దగ్గర పల్లె, ఒకరిది వనపర్తి, ఇంకొకరిది నాగర్‌కర్నూల్. ముగ్గురూ పట్నంలో డిజైన్ కోర్సు చదువుతున్నారు. "వైద్య పరిశోధనలో ఆడ మగ తేడా" అని ఒక ప్రాజెక్టు తీసుకున్నారు. పన్నెండు పోస్టర్లు గీసి నాకు పంపించారు. బొమ్మలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి, అక్షరాలు కూడా చక్కగా కుదిరాయి. కానీ పన్నెండింటిలో ఒక్కటి కూడా తెలుగు నేలది కాదు, అన్నీ అమెరికావే. "మేడమ్, మా టీచర్లకి నచ్చింది గానీ, ఊళ్లో చూపిస్తే ఇది ఎవరి సంగతి అని అడుగుతున్నారు, ఏం చేయాలి?" అని రాశారు. మంచి ప్రశ్న. దానికి ఫోన్‌లో జవాబు చెప్పేకన్నా ఇక్కడ చెబితే ఇంకో పదిమందికి పనికొస్తుందని కూర్చున్నాను.

ముందు వాళ్ల పోస్టర్లలో ఉన్నదేంటో చెప్తాను. అవి తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

ఒకటి ఆస్పిరిన్ కథ. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ పనికొస్తుందా అని అమెరికాలో 1980లలో పెద్ద పరిశోధన చేశారు. 22,071 మంది డాక్టర్లు అందులో చేరారు, అందరూ మగవాళ్లే. మొదటి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గిందని 1989లో ఫలితం వచ్చింది. ప్రపంచమంతా ఆ మాట పాకింది. ఆడవాళ్ల మీద అంత పెద్ద పరిశోధన ఫలితం రావడానికి 2005 దాకా పట్టింది. దాదాపు 40,000 మంది మహిళలు, పదేళ్లు. తీరా చూస్తే మొత్తం మీద గుండెపోటులో చెప్పుకోదగ్గ తేడా లేదు, పక్షవాతం మాత్రం 17 శాతం తగ్గింది. మాత్ర అదే, ఒళ్లు వేరు, ఫలితం వేరు. (ఇది విని ఎవరూ వేసుకుంటున్న ఆస్పిరిన్ మానెయ్యకండి. మీ డాక్టర్‌ని అడక్కుండా ఏదీ మార్చొద్దు.)

ఇంకోటి నిద్రమాత్ర, జోల్పిడెం. 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆడవాళ్ల ఒంట్లోంచి ఆ మందు మెల్లగా బయటికి పోతుంది, పొద్దున లేచి బండి నడిపేటప్పటికి కూడా రక్తంలో ఎక్కువగా మిగిలి ఉంటుంది అని తేల్చి, ఆడవాళ్లకి డోసు సగానికి తగ్గించింది 2013లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు.

ఎందుకిలా జరిగింది అంటే ఒకే కారణం లేదు. థాలిడోమైడ్ అనే మందు గర్భిణులకు ఇచ్చి, వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టిన ఘోరం 1961లో బయటపడింది. ఆ భయంతో, 1977లో అమెరికా మందుల సంస్థ, పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లని తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దని మార్గదర్శకాలిచ్చింది. కాపాడదామనే చేశారు. కానీ గర్భిణిని కాపాడబోయి, గర్భం లేని ఆడవాళ్లనీ, గర్భం వద్దనుకున్నవాళ్లనీ కూడా బయటపెట్టేశారు. పరీక్షలో లేరు సరే, మందు బజారుకి వచ్చాక మాత్రం వాళ్లూ మింగారు కదా! 1993లో చట్టం తెచ్చి, ప్రభుత్వ డబ్బుతో చేసే పరిశోధనల్లో ఆడవాళ్లని చేర్చి తీరాలన్నారు. ఇక "నెలసరి వల్ల లెక్కలు అటూ ఇటూ అవుతాయి" అని ఎలుకల్లో కూడా మగ ఎలుకల్నే వాడేవాళ్లు. అది ఇంకో పోస్టర్. బొమ్మ మాత్రం ముద్దుగా వేశారు.

సరే. ఇదంతా నిజమే. కానీ అమ్మాయిలూ, దీన్ని తెచ్చి గద్వాలలో గోడకి అంటిస్తే "ఎవరి సంగతి?" అని అడగడంలో తప్పేముంది? మన దగ్గర కథ వేరేగా నడిచింది. అక్కడ ఆడవాళ్లు పరిశోధన గుమ్మం బయట నిలబడ్డారు. ఇక్కడ కొన్ని పరిశోధనలకి ఆడవాళ్లనే ముందు పిలిచారు, అదీ చెప్పకుండా పిలిచారు.

పటాన్‌చెరు పేరు తెలుసు కదా, ఫ్యాక్టరీలకి, కాలుష్యానికి. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సూదిమందు కోసం ఆడవాళ్లని పోగుచేశారు. నెట్-ఎన్ అని, రెండు నెలలకోసారి వేయించుకుంటే గర్భం రాని ఇంజెక్షన్. పిల్లలు పుట్టకుండా సూది అని చెప్పారు. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు, మీరు ఆ పరీక్షలో భాగం, దీనివల్ల నెలసరి గాడి తప్పొచ్చు, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు అని మాత్రం సరిగా చెప్పలేదు. హైదరాబాద్‌లో అప్పుడు స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల సంఘం ఉండేది. వాళ్లకి సంగతి తెలిసి అక్కడికే వెళ్లారు, ఆడవాళ్లతో మాట్లాడారు. తర్వాత 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఎవరి మీద? కేంద్ర ప్రభుత్వం మీద, భారత వైద్య పరిశోధన మండలి మీద. ఆ కేసు 2000 దాకా నడిచింది. చివరికి, తగిన వైద్య సదుపాయం, కౌన్సెలింగ్, ఆ తర్వాత కనిపెట్టుకుని చూసే ఏర్పాటు లేకుండా ఆ ఇంజెక్షన్‌ని జనం మీద మూకుమ్మడిగా వాడబోమని ప్రభుత్వం చెప్పాక ముగిసింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. గర్భనిరోధక ఇంజెక్షన్లే చెడ్డవి అని నేను అనడం లేదు. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో మూడు నెలల ఇంజెక్షన్ ఇస్తున్నారు, అది వేరే మందు. కావాలని, తెలిసి వేయించుకునేవాళ్లకి అది సౌకర్యమే. పటాన్‌చెరులో లోపించింది ఆ తెలియడమే.

ఇలాంటిదే ఖమ్మం జిల్లాలో 2009లో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా. భద్రాచలం వైపు, 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం అని విచారణలో తేలలేదు, టీకా ప్రపంచమంతా వాడుతున్నదే. కానీ అనుమతి పత్రాలు చూడండి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఉంది: చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు ఎక్కడో పోడు చేన్లో ఉన్నారు, సంతకం వార్డెన్ పెట్టారు.

మీది డిజైన్ చదువు కదా. ఆ పత్రం ఒక డిజైన్ వస్తువు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని తయారుచేశారు. ఎన్ని లైన్లు, ఏ భాష, సంతకం ఎక్కడ అని నిర్ణయించారు. ఆ కాగితం చదవలేని మనిషి ముందు పెడితే ఏమవుతుందో కూడా ఆ నిర్ణయంలో ఉండాల్సిందే. 2011 లెక్కల ప్రకారం జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం లోపే, తెలంగాణ జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ. అందులో ఆడవాళ్లది ఇంకా కింద. మీ పోస్టర్లలో ఒక్కో దాంట్లో నలభై లైన్ల ఇంగ్లీషు ఉంది తల్లీ.

ఇప్పుడు మనకి ఇంకా దగ్గరిది ఒకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశంలో ఎవరు ఎంత తినాలి అనే లెక్కలు అక్కడి నుంచే వస్తాయి. ఆ లెక్కలకి ఆధారంగా ఒక నమూనా పురుషుడు, ఒక నమూనా స్త్రీ ఉంటారు. నిజం మనుషులు కాదు, కాగితం మీద మనుషులు. 2010 నివేదికలో ఆ నమూనా స్త్రీ ఎవరంటే, 18 నుంచి 29 ఏళ్ల మధ్య వయసు, 55 కిలోల బరువు, జబ్బు లేదు, గర్భిణి కాదు, బాలింత కాదు. రోజుకి ఎనిమిది గంటలు ఓ మోస్తరు పని. ఎనిమిది గంటలు మంచం మీద పడక. నాలుగు నుంచి ఆరు గంటలు కూర్చోవడం, అటూ ఇటూ తిరగడం. మిగతా రెండు గంటలు నడక, ఆటపాటలు లేదా ఇంటిపని. పురుషుడి రోజు కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే.

నవ్వొస్తుంది కదా? నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య మన గద్వాల, అలంపూర్ వైపు, పత్తి విత్తనం క్రాసింగ్ నడిచే రోజుల్లో ఒక ఆడమనిషి రోజు ఎలా ఉంటుందో గద్వాల అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు. చీకటితో లేవడం, వంట చేసి సద్ది కట్టడం, పొద్దున మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అద్దడం, మధ్యాహ్నం దాటాక మర్నాటి కోసం మొగ్గలు ఒక్కొక్కటీ గోటితో గిల్లి సిద్ధం చేయడం. ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి. ఆ నమూనా స్త్రీకి రెండు గంటల్లో నడకా, ఆటపాటా, ఇంటిపనీ మూడూ అయిపోతాయట. వంట ఒక్కటే ఎన్ని గంటలో లెక్క వేసి చూడండి.

అక్కడే ఇంకో లెక్క ఉంది, వినియోగ యూనిట్ అని. తేలికపాటి పని చేసే మగమనిషి 1. ఆ పాటి పనే చేసే ఆడమనిషి 0.8. మరీ బరువు పని అయితే మగమనిషి 1.6, ఆడమనిషి 1.2. కేలరీల కోసమైతే ఇందులో తర్కం ఉంది, ఒంటి పరిమాణాన్ని బట్టి శక్తి అవసరం మారుతుంది. నేను దాన్ని కాదనను. చిక్కు ఎక్కడంటే, ఇంట్లో తిండిని ఈ యూనిట్లలో పంచి చూసి "ఈ ఇంటికి తిండి సరిపోతోంది" అని తేలుస్తారు. కానీ ఇనుము సంగతి తీసుకోండి. అదే సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగమనిషికి రోజుకి 19 మిల్లీగ్రాములు, ఆడమనిషికి 29. నెలసరి ఉంటుంది కాబట్టి ఆమెకే ఎక్కువ కావాలి. కేలరీల్లో ఆమె 0.8, ఇనుములో ఆమె ఒకటిన్నర! ఒకే కొలతతో రెండూ చూస్తే రెండోది కనపడకుండా పోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉందని వచ్చింది. మగవాళ్లలో 15 శాతం దగ్గర.

ఈ సంస్థలోనే వీణా శత్రుఘ్న అనే డాక్టర్ పనిచేశారు, డిప్యూటీ డైరెక్టర్‌గా రిటైర్ అయ్యారు. పేద ఆడవాళ్ల ఎముకల గురించి ఆమె బృందం పరిశోధన 2005లో అచ్చయింది. హైదరాబాద్‌లోని 30 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లని పరీక్షిస్తే, ధనిక దేశాల ఆడవాళ్లతో పోలిస్తే తుంటి దగ్గరా, వెన్నుపూసలోనూ ఎముక సాంద్రత చాలా తక్కువ. తినే కాల్షియం కూడా బాగా తక్కువ. "నడుము గుంజుతుందమ్మా" అని ఆడవాళ్లు అంటే "ఆడోళ్లకి మామూలే" అని కొట్టిపారేసే మాటకి ఇక్కడ కొలిచి చూపించిన జవాబు దొరికింది. ఇంకో చిన్న సంగతి. ఎముక పరీక్ష రిపోర్టులో టీ-స్కోర్ అని ఉంటుంది చూశారా, దానికి పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం అమెరికాలోని పడుచు తెల్ల ఆడవాళ్ల ఎముక. అంటే స్త్రీని పెట్టుకున్నా ఏ స్త్రీ అన్నది మిగిలే ఉంటుంది. కాబట్టి మీ పోస్టర్లలో ఒకే ఒక ఆడబొమ్మ పెట్టి ఆపేయకండి.

ఇంకా చెప్పాలంటే, ఇదంతా మామూలు ఆడవాళ్లకి తెలుగులో చెప్పిన పుస్తకం ఒకటి ముప్పై ఏళ్ల కిందటే వచ్చింది. 'సవాలక్ష సందేహాలు' అని, స్త్రీ శక్తి సంఘటన వాళ్లు కూర్చి రాశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ప్రాజెక్టుకి ఇంటర్నెట్ వెతికే ముందు అది వెతకండి. పాత కాపీ ఏదైనా లైబ్రరీలో దొరకొచ్చు. బొమ్మలతో శరీరం గురించి తెలుగులో ఎలా మాట్లాడొచ్చో, ఏ మాటలు వాడితే ఆడవాళ్లు సిగ్గుపడకుండా చదువుతారో అందులో చూడొచ్చు.

ఇక మందు కొట్టే సంగతి. నా మాట వింటే మీ ప్రాజెక్టు మొత్తం దీని మీదే పెట్టండి.

మన దగ్గర చేనుకి "మందు కొట్టేది" ఎవరంటే మగవాళ్లు అంటారు. పంపు వీపున వేసుకునేది ఆయన కాబట్టి. మరి నీళ్లు మోసుకొచ్చేది ఎవరు? డబ్బా మూత తీసి చిక్కటి మందుని బకెట్‌లో కలిపేది ఎవరు? పంపు ఖాళీ అయినప్పుడల్లా నింపేది ఎవరు? ఆయన బట్టలు ఉతికేది ఎవరు? కొట్టినోడికి పేరుంది, కలిపినామెకి పేరే లేదు. పేరు లేని పనికి సర్వే ఫారంలో గడి కూడా ఉండదు.

2005లో ఒక పరిశోధన వ్యాసం అచ్చయింది. ఫ్రాన్సెస్కా మాన్చీని అనే ఆమె, ఇంకొందరు కలిసి మన దేశంలోనే మూడు పల్లెల్లో పత్తి రైతుల మధ్య చేసింది. వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, 50 మంది ఆడవాళ్లనే వివరాలు చెప్పేవాళ్లుగా పెట్టుకున్నారు. ఆమె తన ఒంటికి ఏమైందో చెప్పాలి, ఇంట్లో మగమనిషికి ఏమైందో కూడా ఆమే చెప్పాలి. ఒక పంట కాలం పొడుగునా. 323 సార్లు మందు తగిలిన సందర్భాలు నమోదైతే, వాటిలో 83.6 శాతం సందర్భాల్లో విషం ఎక్కిన లక్షణాలు, కొంచెమో ఎక్కువో, కనపడ్డాయి. చిక్కటి మందు కలపడం, పంపు నింపడం అనేవి కొట్టడంతో సమానంగా ప్రమాదకరం అని తేలింది. అంటే పక్కన ఉండి సాయం చేసింది అనుకునే ఆమెకి ముప్పు ఆయనతో సమానం. ఆరు శాతం సార్లు లక్షణాలు చాలా తీవ్రంగా ఉన్నాయి. అయినా ఒక్కరు కూడా ఆసుపత్రికి పోలేదు.

ఈ చివరి మాట దగ్గర ఆగండి. ఒక్కరూ ఆసుపత్రికి పోలేదు. ఇప్పుడు ఎవరైనా డాక్టర్ "పురుగుమందుల విషప్రభావం" మీద పరిశోధన చేస్తానని జిల్లా ఆసుపత్రి రిజిస్టర్ తెరిస్తే, ఈ ఆడవాళ్లు అందులో సున్నా. రిజిస్టర్‌లో లేకపోతే లెక్కలో లేరు, లెక్కలో లేకపోతే జబ్బే లేదు. పరిశోధనలో ఆడ మగ తేడా అంటే మన ఊళ్లో కనిపించే రూపం ఇది. ఎవరో పెద్దమనిషి కూర్చుని "ఆడవాళ్లని తీసెయ్యండి" అని చెప్పనక్కర్లేదు. సమాచారం ఏ గుమ్మం దగ్గర ఏరుతున్నామో దాన్ని బట్టే వాళ్లు జారిపోతారు.

కాబట్టి పోస్టర్ పక్కన పెట్టి ఒక కాగితం డిజైన్ చేయండి. ఒక పంట కాలానికి సరిపడే బొమ్మల క్యాలెండర్. వారానికి ఒక వరస. ఆ వారం ఏ పని చేసింది: కలిపిందా, నింపిందా, కొట్టిన చేన్లో మొగ్గలు గిల్లడానికి దిగిందా, దిగితే కొట్టిన రోజే దిగిందా, మర్నాడా? బట్టలు ఉతికిందా? తర్వాత ఒంట్లో ఏమైంది: తలనొప్పి, కళ్లు మసకబారడం, చేతులు వణకడం, వాంతి, విపరీతంగా చెమట, నోట్లో నీళ్లూరడం, ఊపిరాడకపోవడం. ప్రతిదానికీ ఒక బొమ్మ, బొమ్మ మీద ఒక గీత గీస్తే చాలు. చివర ఒక చిన్న గడి నెలసరికి, గర్భానికి. దాన్ని మాత్రం మగవాళ్లకి అర్థం కాని గుర్తుతో పెట్టండి, అది ఏ గుర్తో ఆడవాళ్లనే అడగండి, వాళ్ల దగ్గర ఉంటాయి అలాంటివి.

యాప్ చేస్తామన్నారు మీరు. వద్దు. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు. గోడకి మేకు కొట్టి తగిలించేది చేయండి, పక్కన పెన్సిల్ దారంతో కట్టి. చెమట చేత్తో పట్టుకున్నా చెదరని కాగితం ఎంచుకోండి. లక్షణాల మాటలు వైద్యం పుస్తకంలోంచి కాకుండా ఊరి నుంచి తీసుకోండి. "కండ్లు తిరుగుడు" అంటే ఒకరికి తల తిరగడం, ఇంకొకరికి స్పృహ తప్పడం. ఏది ఏదో ముందే అడిగి తెలుసుకోకపోతే మీ లెక్కంతా గల్లంతే.

"మేడమ్, ఇది సర్వే కదా, డిజైన్ ఎట్లవుతుంది?" అని నాగర్‌కర్నూల్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఇందాక నమూనా స్త్రీకి ఇంటిపనిని ఆటపాటతో కలిపి రెండు గంటల గడిలో పెట్టింది ఎవరు? అది ఒక గడి గీసినవాళ్ల నిర్ణయమే. గడి గీయడం మీ పని.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇది ఆట కాదు. మనుషుల ఆరోగ్యం గురించి రాసుకుంటున్నారంటే మీ కాలేజీలో నైతిక సంఘం అనుమతి తీసుకోండి. లేకపోతే దగ్గర్లోని వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగం వాళ్లని అడగండి. పేర్లు రాయొద్దు, ఊరిపేరు కూడా చివరి ప్రదర్శనలో పెట్టొద్దు. విత్తనం పనిలో చిన్నపిల్లలు కూడా ఉంటారు, మనందరికీ తెలుసు. మీ కాగితం చూపించి ఎవరైనా ఒక కూలిదాన్ని పనిలోంచి తీసేస్తే ఆ పాపం మీది అవుతుంది. పిల్లలు పనిచేస్తూ కనపడితే అది మీ ప్రాజెక్టు సమాచారం కాదు, 1098కి చెప్పాల్సిన విషయం. విషం లక్షణాలు ఎక్కువగా కనపడితే గీత గీయించుకుని రావడం కాదు, 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు కాగితం పైనే పెద్దగా వేయండి.

అనుమతి పత్రం గురించి వనపర్తి అమ్మాయికి ఒక పని. చదివి వినిపించే పత్రం తయారుచెయ్యమ్మా. చదవలేని మనిషి ఒప్పుకోవాలంటే, ఆ పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండి అంతా విని సంతకం పెట్టాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ పత్రం రెండు నిమిషాలకి మించకూడదు. చదివాక "ఇప్పుడు నువ్వు నాకు చెప్పక్కా, ఏం అర్థమైంది?" అని అడగాలి. ఆమె తన మాటల్లో చెప్పగలిగితేనే ముద్ర. "ఒప్పుకుంటున్నా" అనే గడి ఎంత ఉందో "వద్దు" అనే గడీ అంతే ఉండాలి. మధ్యలో మానేస్తే రేషన్ ఆగదు, పింఛన్ ఆగదు, ఆసుపత్రిలో వైద్యం ఆగదు అనే మాట తప్పక ఉండాలి. ఎందుకంటే మన దగ్గర సర్కారు కాగితం లాంటిది ఏది చూపించినా ఆడవాళ్లు ముందు భయపడేది దానికే.

నాగర్‌కర్నూల్ వైపు నల్లమల ఉంది, చెంచులు ఉన్నారు. 2003లో ఒక అంతర్జాతీయ జన్యుశాస్త్ర పత్రికలో చెంచుల, కోయల జన్యువుల మీద పెద్ద వ్యాసం వచ్చింది. తల్లి నుంచి బిడ్డకి వచ్చే జన్యువులు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి రెండూ చూశారు. మన దేశంలో మనుషులు ఎంత పాతకాలం నుంచి ఉన్నారో చెప్పడానికి ఆ రక్తం ఉపయోగపడింది. చాలా విలువైన శాస్త్రం. మరి ఆ ఫలితాన్ని ఒక చెంచు పెంటలో, ఒక ముసలవ్వకి అర్థమయ్యేలా చెప్పే ఒక్క పేజీ బొమ్మల కథ మీరు చేయగలరా? ఇచ్చినవాళ్లకి తిరిగి చెప్పడం కూడా పరిశోధనలో భాగమే కదా.

గర్భసంచి ఆపరేషన్ల గురించి ఇంకో ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఇరికిస్తే న్యాయం కాదు. ఒక్క అంకె చెప్పి వదిలేస్తాను. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. తెల్లబట్ట అవుతోందనో, కడుపునొప్పి అనో వెళ్లి సంచి తీయించుకుని వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఒకరైనా దొరుకుతారు. ముప్ఫై ఏళ్లకి సంచి పోయిన ఆమె ఎముకలు, గుండె యాభై ఏళ్లకి ఎలా ఉంటున్నాయి? ఇది మన రెండు రాష్ట్రాల్లోనే ముందు అడగాల్సిన ప్రశ్న. ఆ ఆడవాళ్లున్నది ఇక్కడ కాబట్టి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2024లో గద్వాలలో కూడా వచ్చింది. మూడు జిల్లాలు పుట్టిందే 2016 అక్టోబర్‌లో, అప్పుడే మూడింటికీ మూడు కాలేజీలు. ఎంబీబీఎస్ పిల్లలు ఊళ్లకి వస్తారు, ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతారు, రేపు వాటి మీదే పరిశోధన వ్యాసాలు రాస్తారు. ఆ ఫారాల్లో "వృత్తి" అనే గడి ఉంటుంది. మీ అమ్మలాంటి ఆమె ఎదురొస్తే అందులో "గృహిణి" అని రాసుకుని ముందుకి పోతారు. అక్కడితో మందు కలిపిన చేతులు, మొగ్గ గిల్లిన వేళ్లు, గద్వాల మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టిన భుజం, అన్నీ పోయినట్టే.

అందుకని మీ క్యాలెండర్ తయారయ్యాక ఒక కాపీ ఆ మూడు కాలేజీల సామాజిక వైద్య విభాగాలకి తీసుకెళ్లి ఇవ్వండి. "సార్, మేడమ్, వృత్తి గడి కింద ఈ ఆరు బొమ్మలు పెట్టండి" అని అడగండి. నచ్చకపోతే వద్దంటారు, పోయేదేం లేదు. క్రాసింగ్ అయిపోయేలోపు మొదటి నమూనా నలుగురి చేత నింపించి చూడండి. ఏ బొమ్మ అర్థం కాలేదో రాసి నాకు పంపండి.

చూస్తున్నవాళ్లలో నడిగడ్డవాళ్లు ఎవరైనా ఉంటే, మందు ఎక్కినప్పుడు మీ ఇళ్లల్లో ఆడవాళ్లు వాడే మాటలు కింద కామెంట్లలో రాయండి. ఆ పిల్లలకి పనికొస్తాయి.